నాలుగు నానోమీటర్లు

బ్రౌన్‌ష్వైగ్
6 మార్చి 2007

అక్కా,

కుశలప్రశ్నలు లేకుండా నేరుగా విషయానికి వస్తున్నాను, ఏమీ అనుకోకు. డిసెంబరులో నువ్వు పంపిన ఏడో విడత రంగుపొడి బాగాలేదు.

ఆరో విడతతో చేసిన లేజర్లు నెలల తరబడి పనిచేశాయి. ఏడో విడతవి మొదటి వారం బాగానే వెలిగి, ఆ తర్వాత నీరసపడిపోతున్నాయి. గంట సేపు వెలగాల్సింది పది నిమిషాలకే మసకబారుతోంది. కొన్నిటిలో రంగు కూడా నిలకడగా ఉండటం లేదు.

నిన్న సమావేశంలో మా డైరెక్టర్ ఆలర్స్ అందరి ముందూ అడిగాడు: "మెర్టెన్స్, అది మీ అక్కగారి సరుకు కాబట్టి వెనకేసుకొస్తున్నారా?" పదకొండు మందీ నా మొహమే చూశారు. నేనేం చెప్పాలి? సరుకులో మలినం ఉన్నట్టుంది అన్నాను. నివేదికలో అలాగే రాసుకున్నారు.

వచ్చే నెల కాలిన గాయాల వార్డుకి నాలుగు యంత్రాలు ఇవ్వాలి. కాస్త శ్రద్ధపెట్టి ఎనిమిదో విడత చెయ్యి. మీ గొట్టాలూ పంపులూ పాతబడ్డాయేమో చూసుకో.

ఎకార్ట్


వోల్ఫెన్
11 మార్చి

ఒరేయ్ ఎకార్ట్,

శ్రద్ధ అన్నావు. ఆ మాట ఎవరికి రాస్తున్నావో చూసుకున్నావా?

నాకు యాభై తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదో ఏట రంగుల ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీ మూసేశాక ఇదే ఆవరణలో ఒక షెడ్డు పట్టుకుని, మేం ముగ్గురు ఆడవాళ్ళం పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాం. పొడిని శూన్యంలో వేడిచేస్తాను. అది ఆవిరై లేచి, గాజుగొట్టం గోడమీద ఎర్రటి సూదుల్లా గడ్డకడుతుంది. రెండు చివర్లా పేరుకున్నది గీకి పారేసి నడిమి భాగం మాత్రమే తీసుకుంటాను. మళ్ళీ మొదలు. అలా మూడుసార్లు. వంద గ్రాములు పెడితే నీకు పంపేది ఇరవై రెండు. మిగతాది చెత్తబుట్టలోకి, నీలాంటివాడు మలినం అనకూడదని.

ప్రతి విడతలోంచీ చిటికెడు తీసి దాచిపెడతానని నీకు తెలుసో లేదో. ఏడో విడత చిటికెడు పట్టుకుని హాలే పట్నం వెళ్ళాను. పాత సహోద్యోగి తన యంత్రం మీద పెట్టి చూశాడు. "రోజ్విటా, దీంట్లో వెతకడానికి ఏమీ లేదు, ఇంటికెళ్ళు" అన్నాడు. ఫలితాల కాగితం ఈ కవర్లోనే ఉంది. ఆలర్స్ టేబుల్ మీద పెట్టు.

ఇక నేనడుగుతాను, నువ్వు చెప్పు. బియ్యపుగింజంత గాజుపలక మీద, వెంట్రుక మందంలో మూడువందో వంతు నా రంగు పూస్తున్నావు. పైన గాజు మూత పెట్టి చుట్టూ జిగురు వేస్తున్నావు. ఈ రంగుకి వెలుగొక్కటే తగిలితే ఏం కాదు, గాలొక్కటే తగిలినా ఏం కాదు. రెండూ కలిసి తగిలితే చస్తుంది. ఆ మాట నీకు పెన్సిలుతో బొమ్మ గీసి మరీ చెప్పాను. మూతలు ఎవరు వేస్తున్నారు? జిగురు పాతదేనా?

దొంగ దొరక్కపోతే పక్కింటివాణ్ణి కట్టేసినట్టుంది నీ వ్యవహారం.

రోజ్విటా


బ్రౌన్‌ష్వైగ్
24 ఏప్రిల్

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. హానోవర్ ప్రదర్శన పనిలో తల ఎత్తలేదు. నువ్వు పంపిన కాగితం ఆలర్స్‌కి ఇచ్చాను. దాని గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.

ప్రదర్శనలో మా బల్ల ముందు జనం ఆగి ఆగి చూశారు. మంత్రిగారొకరు వచ్చి తన చేత్తో బుడిపె తిప్పారు. పలక మీద పూత మందం ఒక చివరి నుంచి రెండో చివరికి కొద్దికొద్దిగా పెరుగుతుంది కదా, ఆ పలక జరిగేకొద్దీ నారింజ వెలుగు ఎర్రబడి, ముదురెరుపులోకి దిగింది. "ఇంత వెలుగు ఇంత చిన్నదాంట్లోంచా" అన్నారాయన. ఆ వెలుగు నీదే. నీకు చెప్పాలనిపించింది.

వార్డుకి నాలుగు యంత్రాలూ వెళ్ళి రెండు వారాలైంది. కాలిన చర్మం మీద ఆ ఎరుపుల్ని ఒకదాని తర్వాత ఒకటి వేసి, లోపలి రక్తంలో ప్రాణవాయువు ఉందో లేదో చూస్తారు. ఉంటే ఆ చర్మం బతుకుతుంది, వదిలేస్తారు. లేకపోతే కోసి తీసేస్తారు. సర్జన్ ఓడెంటాల్ అనే ఆవిడ చాలా ఉత్సాహంగా ఉంది.

ఇంకో సంగతి. కొలతలు తీసే ఇల్కా రైటర్, నీతో ఫోన్లో రెండుసార్లు మాట్లాడిన పరిశోధక విద్యార్థిని, ఆమెని పంపించేశాం. ఆమె అంకెలు నమ్మదగినవి కావని తేలింది. జిగురూ మూతా అంటూ నువ్వు కంగారుపడాల్సిన పనిలేదు, అవి మేం చూసుకుంటాం. నువ్వా ఊరు దాటి బయటికి రాలేదు కాబట్టి నీకు ప్రతిదీ ఇప్పటికీ ఒకే గొట్టం, ఒకే పంపు. ఇక్కడ పని వేగం వేరు.

ఎనిమిదో విడత మే పదిహేనులోగా కావాలి.

ఎకార్ట్


వోల్ఫెన్
8 మే

ఎకార్ట్,

నిన్న ఇల్కా వచ్చింది.

షెడ్డు తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, నేనెవరో మీకు తెలియదు, ఫోన్లో మాట్లాడాను" అంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. లోపలికి రమ్మన్నాను. కాఫీ పోసిచ్చి, మొన్న ఆదివారం చేసిన రూబార్బ్ కేకు ముక్క పెట్టాను. ముట్టలేదు.

"మీ రంగులో మురికి లేదని చెప్పడానికొచ్చాను. నా పేరు చెడింది, ఎలాగూ చెడింది. మీ పేరు కూడా చెడగొట్టడం నాకు నచ్చలేదు."

"ఆ సంగతి నాకు తెలుసు. ఇంకేం తెచ్చావో అది చూపించు" అన్నాను.

సంచీలోంచి పుస్తకం తీసింది. ఆమె కొలతల పుస్తకం నకలు. పేజీ తిప్పి నా ముందు పెట్టింది. జనవరి పంతొమ్మిది: జిగురు మార్చారు. పాతది గట్టిపడటానికి రెండు రోజులు పడుతుంది, కొత్తది పది నిమిషాలు. ఫిబ్రవరి తొమ్మిది: కొత్త జిగురు వేసిన పలకలు ఇరవై ఒక్క రోజులకే గాలి పీలుస్తున్నాయి. వెలుగు నాలుగు నానోమీటర్లు నారింజ వైపు జరిగింది. పాత జిగురువి కదల్లేదు.

"నాలుగంటే ఎక్కువా?" అని అడిగాను. నాకు రంగు చేయడం తెలుసు గానీ, వార్డులో దాంతో ఏం చేస్తారో తెలియదు.

"కళ్ళకైతే తెలియను కూడా తెలియదు. కానీ సరిగ్గా ఆ రంగు దగ్గరే నెత్తురు వెలుగుని పీల్చుకునే తీరు ఒక్కసారిగా మారిపోతుంది మేడమ్. నాలుగు జరిగితే, ప్రాణవాయువున్న నెత్తురు కూడా లేనట్టే కనిపిస్తుంది."

"అంటే?"

"బతికున్న చర్మాన్ని చచ్చిందంటుంది యంత్రం."

ఆ పేజీ కింద మూల చూశాను. "చూశాను" అని రాసి, పక్కన ఎ.మె. అని సంతకం. ఫిబ్రవరి పన్నెండు. నీకు అక్షరాలు దిద్దించింది నేను, నీ "ఎ" నేను గుర్తుపట్టలేనా? ఆ సంతకం పెట్టిన ఇరవై రెండో రోజున నాకు మలినం అని ఉత్తరం రాశావు. శ్రద్ధపెట్టమన్నావు. నా పంపులు పాతబడ్డాయేమో చూసుకోమన్నావు.

నువ్వు తెలియక చేశావనుకుని రెండు నెలలు నీ మీద కోపం తెచ్చుకున్నాను. ఆ కోపం ఇప్పుడు చిన్నపిల్లల అలకలా అనిపిస్తోంది.

నా మీద నింద వేస్తే వేశావు. నేను రాటుదేలినదాన్ని, దులుపుకుంటాను. ఆ పిల్ల ఉన్నదున్నట్టు రాసినందుకు ఆమెని అబద్ధాలకోరు అని ముద్రవేసి పంపావు. నాలుగేళ్ళ చదువు చివర్లో ఉంది. ఆమె ప్రొఫెసర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదట. సిగ్గులేకపోతే సరే, కనీసం భయం ఉండాలి కదరా మనిషికి. ఆ నాలుగు యంత్రాలు వార్డులో మనుషుల మీద పెడుతున్నారు.

ఈ ఉత్తరం అందగానే ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి. చేశానని నాకు రాయి. చేయకపోతే నేను చేస్తాను. ఎనిమిదో విడత సిద్ధంగా ఉంది. పంపను.

రోజ్విటా


బ్రౌన్‌ష్వైగ్
12 మే

అక్కా,

నీకు జరుగుతున్నదేమిటో సగమే తెలుసు, తీర్పు మాత్రం మొత్తం ఇచ్చేశావు. చిన్నప్పటి నుంచీ ఇంతే. నాన్న కూడా నీ ముందు నోరెత్తేవాడు కాదు.

కంపెనీ పుస్తకం నకలు తీసి బయటికి పట్టుకెళ్ళడం నేరం. ఇల్కాకి ఆ సంగతి తెలుసు. నీకూ తెలియాలి, ఎందుకంటే అది ఇప్పుడు నీ ఇంట్లో ఉంది.

అవును, చూశాను. చూసి ఆలర్స్‌కి చెప్పాను కూడా. "హానోవర్ కానివ్వండి, జూన్‌లో పాత జిగురుకి వెళ్దాం" అన్నాడు. రోజూ పొద్దున్నే, కొలత ముందే తెలిసిన ప్రమాణపలక మీద పెట్టి యంత్రం సరిచూసుకోవాలని వార్డుకి రాసిచ్చాం. సరిచూసుకుంటే నాలుగు నానోమీటర్లు లెక్కలోకి రావు. ఇది నువ్వనుకున్నంత రాక్షసత్వం కాదు. రోజూ చిన్న చిన్న సర్దుబాట్లు చేసుకుంటూ ఒక వస్తువుని నిలబెట్టడం ఇలాగే ఉంటుంది. నీ షెడ్డులో కూర్చుని సూదులు ఏరుకుంటే తెలియదు.

ఇక్కడ పదకొండు కుటుంబాలున్నాయి. నువ్వు వార్డుకి ఒక్క అక్షరం రాసినా నాకు అక్క లేదనుకుంటాను.

ఎకార్ట్


వోల్ఫెన్
3 జూన్

ఎకార్ట్,

రాశాను. నీ ఉత్తరం చదివిన గంటలోనే రాశాను. నీకు అక్క లేదు, సరే. ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

ఓడెంటాల్ డాక్టరు నా ఉత్తరం చూసిన రోజే ఫోన్ చేసింది. ఇల్కా పుస్తకం పట్టుకుని రమ్మంది. ఇద్దరం రైలెక్కి వెళ్ళాం. పొట్టి మనిషి, జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది. గుమ్మంలోనే, "యంత్రాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక మాట్లాడండి" అంది.

ఇల్కా పేజీలు చూపించింది. ఆమె ఒక్కో పేజీ మీదా వేలు పెట్టి చదివింది.

"మేం పొద్దున్నే సరిచూస్తున్నాం. సరిగ్గానే ఉంటుంది" అంది.

"పొద్దున యంత్రం చల్లగా ఉంటుంది డాక్టర్. మధ్యాహ్నం దాకా వాడి, అప్పుడు సరిచూశారా ఎప్పుడైనా?" అని ఇల్కా అడిగింది.

"చూడమని ఎవరూ రాయలేదు."

బీరువా తెరిచి ఒకటి తీసింది. ముగ్గురం కూర్చుని రెండు గంటలు వెలిగించాం. మొదట సరిగ్గా ఉంది. రెండు గంటలకి ఐదు నానోమీటర్లు జరిగింది. నువ్వు రాసిచ్చిన సర్దుబాటు ఇదీ.

అప్పుడావిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "కున్కె" అంది.

డెట్‌లెఫ్ కున్కె. ఇళ్ళ కప్పులు వేసే మనిషి, నలభై నాలుగేళ్ళు. మే ఏడున మరిగే తారు కుడిచేతి మీద పడింది. మే పదకొండున, శుక్రవారం మధ్యాహ్నం, ఆ చేతిని యంత్రం కింద పెట్టారు.

"నాకు అనుమానంగానే ఉండింది. నొక్కితే తెల్లబడి, మళ్ళీ కొద్దిగా రంగొచ్చింది. యంత్రం ప్రాణం లేదంది. రెండోసారి పెట్టాను. మళ్ళీ అదే. నా వేలికన్నా యంత్రాన్ని నమ్మాను. అరచేతి వెనకవైపు చర్మం మొత్తం కోసేశాను" అంది.

"బతికేదా అది?" అన్నాను.

"తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. ఆ మాటే ఆయనకి చెప్పాలి నేను."

నేను ఎనిమిదో తారీఖున రాసిన ఉత్తరం నీకు పదో తారీఖుకి అందే ఉంటుంది. కోసింది పదకొండున. నువ్వు జవాబు రాసింది పన్నెండున, ఫోన్ చేయడానికి కాదు, నన్ను బెదిరించడానికి. ఈ మూడు తేదీలు ఒక కాగితం మీద రాసుకుని చూడు. నేను చూస్తూనే ఉన్నాను.

నన్ను నేనూ వదిలిపెట్టడం లేదు. ఇల్కా వచ్చిన రోజునే నేరుగా వార్డుకి ఫోన్ చేయాల్సింది. తమ్ముడివి కదా, నీ అంతట నువ్వే చేస్తావు, ఆ పరువు నీకు మిగలాలి అని ఆగాను. నీ పరువు కోసం నేనాగిన నాలుగు రోజులకి ఆయన చెయ్యి పోయింది. అది నా వాటా. నీ వాటా ఎంతో నువ్వే తేల్చుకో.

ఆయన చిరునామా అడిగాను. డాక్టరు ఇవ్వనంది. ఆయన్ని అడిగి చూస్తానంది. అడిగితే, "ఆ కంపెనీవాడొస్తే రమ్మనండి" అన్నాడట. చిరునామా కింద రాశాను.

రోజ్విటా


బ్రౌన్‌ష్వైగ్
30 జూన్

అక్కా,

వెళ్ళాను. మొదటిసారి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. రెండోసారి గంట కొట్టాను.

ఆయన భార్య తలుపు తీసింది. ఆయన వంటగదిలో బల్ల దగ్గర ఉన్నాడు. కుడిచేతికి బిగుతు తొడుగు. పేరు చెప్పాను. "కూర్చోండి" అన్నాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాను: కొత్త సాంకేతికత, తొలి ప్రయత్నం, ప్రమాణాలు. ఆయన మధ్యలో ఆపాడు.

"అవన్నీ డాక్టరమ్మ చెప్పింది. నాకొకటే కావాలి. మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పన్నెండున."

"నాకు కాలింది మే ఏడున."

"అవును."

ఆయన తొడుగు తీశాడు. తొడ మీంచి తీసి అతికిన చర్మం, వల గళ్ళతో. చూపుడువేలు ముడవడానికి ప్రయత్నించి చూపించాడు. సగం దగ్గర ఆగిపోయింది. "ఇంతే. మేకు పట్టుకోవడానికి ఇది చాలదు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నేను క్షమించమన్నాను.

"అది తర్వాత. ముందు ఇప్పుడు చెప్పింది రాసివ్వండి. మాట మా వకీలుకి పనికిరాదు."

భార్య కాగితాలూ పెన్నూ తెచ్చి పెట్టింది. ఒకటిన్నర పేజీ రాశాను. ఆయన ఎడమచేత్తో పట్టుకుని నిదానంగా చదివాడు. ఒక చోట ఆగి నా వైపు తిప్పాడు.

"ఇక్కడ 'పొరపాటు జరిగింది' అని ఉంది. దానంతట అది జరిగిందా? ఎవరు చేశారు?"

కొట్టేసి, "నేను చేశాను" అని రాశాను. ఆయన ఇంకో రెండు చోట్ల అలాగే అడిగాడు. అక్కడా మార్చి రాశాను: నాకు తెలుసు, కానీ చెప్పలేదు. చెప్పకపోగా ఇంకొకరి మీద పెట్టాను. నీ పేరు, ఇల్కా పేరు కూడా రాయించాడు. సంతకం పెట్టాక, "ఇక వెళ్ళు" అన్నాడు. అప్పటిదాకా మీరు అన్న మనిషి. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

మర్నాడు ఆ కాగితం నకలు ఆలర్స్ ముందు పెట్టాను. చదివి, "మీకు మతిపోయింది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే నా తాళంచెవులు తీసేసుకున్నారు. బయట ఉన్న యంత్రాలన్నీ వెనక్కి తెప్పిస్తున్నారని విన్నాను. నాతోపాటు పనిచేసినవాళ్ళలో ఇద్దరు దారిలో కనిపించి తల తిప్పుకున్నారు. ఆ పదకొండు కుటుంబాల పేరు చెప్పి నిన్ను బెదిరించాను. ఇప్పుడు వాళ్ళ గతి ఏమిటో నాకు తెలియదు.

ఇల్కా ప్రొఫెసర్‌కి రాశాను: ఆమె కొలతలు ప్రతి ఒక్కటీ సరైనవి, ఆమె మీద ఆరోపణ అబద్ధం, ఆ అబద్ధం నాది. ఆయన ఫోన్ చేసి నన్ను చాలాసేపు తిట్టాడు.

ఒక సంగతి దాచకుండా చెబుతాను, దాచి చూశాను కాబట్టి. నీ మీద నాకు కోపం పోలేదు. నువ్వు చేసింది సరైనదని తెలిసినా పోలేదు. నువ్వు చెప్పిందే నిజమయ్యే సందర్భాలతో నా బతుకంతా నిండిపోయింది. నేను ఆ సంతకం పెట్టిన రోజు నీకే ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వేమంటావో తెలిసి చేయలేదు.

ఎకార్ట్


వోల్ఫెన్
8 జూలై

ఎకార్ట్,

ఇల్కాకి యెనాలో ఒక ప్రయోగశాలలో చోటు దొరికింది. అక్కడే మిగిలిన పని పూర్తిచేసుకుంటుంది. ఎనిమిదో విడత మొత్తం ఆమెకి పంపాను. పాత జిగురుతో, రెండు రోజులు ఆగి, మూత వేసుకుంటానంది. మధ్యాహ్నం కూడా సరిచూస్తానంది. ఓడెంటాల్ డాక్టరు వాళ్ళతో కలిసి పనిచేయడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: తన వేలికీ యంత్రానికీ తేడా వచ్చిన ప్రతిసారీ ఆ తేడా కాగితం మీదికి ఎక్కాలి.

నీకు పంపేది నా దగ్గరేమీ లేదు.

నీ ఉత్తరం షెడ్డులో నాతో పనిచేసే మార్లీసాకి చదివి వినిపించాను. ఆమె, "పోన్లే, ఒప్పుకున్నాడుగా" అంది. నాకు పోన్లే అనిపించలేదు. మనుషులు నిజం చెప్పగానే మెచ్చుకోవాలని ఎక్కడా రాసిలేదు. నాలుగు నెలలు ఆలస్యంగా చెప్పిన నిజం వల్ల ఆయన వేలు ముడుచుకోదు. నీ కోపం నీ దగ్గరుంచుకో. నాది నా దగ్గరుంది, ఇప్పట్లో తరిగేలా లేదు.

నాకు ఫోన్ చేయలేకపోయానన్నావు, నేనేమంటానో తెలిసి. తిట్టేదాన్ని. తిట్టి, జిగురు పట్టుకుని మొదటి రైలుకి వచ్చేదాన్ని. అందులో రెండో సగం నీకు తెలియకుండా ఎలా పెంచానో అర్థం కావడం లేదు. దాని గురించీ కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియదు.

ఒక పని చెబుతున్నాను, అడగడం లేదు. నెలకోసారి కున్కె దగ్గరికి వెళ్ళు. తలుపు తీయకపోతే బయట నిలబడి రా. తీస్తే ఆ వేలు ఎంతవరకు ముడుస్తున్నాడో చూసి, అది నాకు రాయి. ఇంకేమీ రాయొద్దు. నేను జవాబివ్వను, చదువుతాను.

ఏ నెలైనా ఉత్తరం రాలేదంటే మాత్రం, నేనే వచ్చి తలుపు కొడతాను. నేను గంట కొట్టే రకం కాదని నీకు తెలుసు.

రోజ్విటా